ఏడు గంటల ఆర్డరు

ఉదయం తొమ్మిదీ పదికి బస్టాపులో నిలబడి పేపరు చదువుకుంటున్న గవర్నమెంటు కెమిస్ట్, మొదటి పేజీ తిప్పకుండానే చనిపోయాడు.

చప్పుడు కాలేదు. సైలెన్సర్ పనితనం అది. పక్కనున్న పెద్దావిడ ఆయన కూర్చోబోతున్నాడనుకుని మర్యాదగా కాస్త జరిగింది కూడా. నల్లకోటు మనిషి ఒకడు వచ్చిన బస్సెక్కి వెళ్ళిపోయాడు. కెమిస్ట్ చేతిలోంచి జారిన పేపర్లో హెడ్‌లైను పెద్ద అక్షరాల్లో ఉంది: రేపే ఓటు.

పది గంటలకల్లా ఈ కేసు ఏజెంట్ నిదానం నెత్తిన పడింది. ఆయన అసలు పేరు సీక్రెట్ సర్వీసు వారి ఇనప్పెట్టెలో భద్రంగా ఉంది. నోరు తెరిస్తే "నిదానం, నిదానం" అంటాడు కనక బయట అదే పేరయింది. వయసు యాభై నాలుగు. సర్వీసు ఇరవై ఎనిమిదేళ్ళు. నడుంనొప్పికి కూడా పదకొండేళ్ళ సర్వీసు ఉంది.

అది మామూలు సంవత్సరం కాదు. ఇరవై ఆరేళ్ళ కిందట "మూడు నెలలే" అని చెప్పి గద్దెనెక్కిన జనరల్, ఆ ఏడు మార్చిలో హెలికాప్టరెక్కి పక్కదేశం పారిపోయాడు. మిల్లులవాళ్ళు పని మానేసి, నర్సులు రోడ్డెక్కి, పేపర్లవాళ్ళు భయం వదిలి, అందరూ కలిసి ఆయన్ని ఆ హెలికాప్టరెక్కించారు. ఇప్పుడు మొట్టమొదటిసారి ఆడా మగా అందరికీ ఓటు. ఊరంతా సంబరంగా ఉంది. నిదానానికి మాత్రం ఒళ్ళంతా అలసటగా ఉంది. ఇన్నేళ్ళూ ఏ జనం ఫోన్లు దొంగచాటుగా విన్నాడో, ఆ జనం ఓటుకే కాపలా కాయమంటున్నారు. పాలకి పిల్లిని కాపలా పెట్టినట్టు. పైగా ఆ పిల్లి ముసలిదైపోయింది.

లిఫ్టు పనిచెయ్యడం లేదు. మూడంతస్తులెక్కి చీఫ్ గదిలోకి వెళ్ళేసరికి నిదానానికి ఆయాసం వచ్చింది.

"కూర్చో," అన్నాడు చీఫ్. "కెమిస్ట్ కోటు జేబులో ఉత్తరం దొరికింది. చదువు."

నాలుగే వాక్యాలు. 'ఓటు ముద్రకి పంపిన స్టాంప్ ప్యాడ్లలో సిరా మార్చాను. ఆరు గంటల్లో గుర్తు మాయమవుతుంది. నన్ను బెదిరించి చేయించారు. క్షమించండి.'

"ఎవరు బెదిరించారు సర్?"

"ఇంకెవరు, సండే క్లబ్."

సండే క్లబ్ అంటే జనరల్ తలదాచుకున్న దేశంవాళ్ళ గూఢచారి ముఠా. ఆదివారాలు కూడా పనిచేస్తారని ఆ పేరు.

"జనం రేపు ఉదయం ఏడు నుంచి సాయంత్రం ఐదు దాకా ముద్రలు వేస్తారు," అన్నాడు చీఫ్. "ఎల్లుండి పెట్టెలు తెరిస్తే అన్నీ తెల్లకాగితాలు. 'చూశారా, వీళ్ళకి ఓటెయ్యడం కూడా చేతకాదు' అంటూ జనరల్ దిగుతాడు. నలభై వేల ప్యాడ్లు ఊరూరికీ వెళ్ళిపోయాయి. సాయంత్రానికి నిజమో కాదో తేల్చు. నిజమైతే ఓటు వాయిదా."

చీఫ్ కింది సొరుగు లాగి ఒక కాగితం తీశాడు. ఆ సొరుగంటే డిపార్ట్‌మెంట్‌లో అందరికీ తెలుసు. అందులో నిషేధాజ్ఞలు, వాయిదా ఆర్డర్లు ముందే టైపు చేసి కట్టలు కట్టి ఉంటాయి. తేదీ, కారణం ఖాళీగా వదిలేస్తారు. ఏ ఊళ్ళో ఎవరు గట్టిగా తుమ్మినా, సొరుగులోంచి ఒకటి లాగి ఖాళీలు నింపడమే. కింద రెండు గళ్ళు: ఒకటి చీఫ్‌ది, రెండోది సంగతి తేల్చిన ఏజెంట్‌ది. రెండు సంతకాలూ ఉంటేనే రేడియోలో చదువుతారు. ఒకటి లేకపోతే పక్కన పడేస్తారు.

"వాయిదా అంటే ఎన్నాళ్ళు సర్?"

"ఒక్క వారమే."

"మూడు నెలలని ఇరవై ఆరేళ్ళు ఉన్నాడు సర్, ఆయన."

చీఫ్ కిటికీలోంచి బయటికి చూశాడు.

* * *

మధ్యాహ్నం పన్నెండింటికి గవర్నమెంటు స్టేషనరీ డిపోకి మంటలార్పే సిలిండర్ల ఇన్‌స్పెక్టర్ ఒకడు వచ్చాడు. ఖాకీ చొక్కా, పెట్టుడు మీసం, చంకలో ఫైలు. జేబులో డిపార్ట్‌మెంట్ ఇచ్చిన సిగరెట్ లైటర్ కెమెరా.

స్టోర్‌కీపర్ ఒక యాభై ఏళ్ళ ఆవిడ. కళ్ళద్దాలు దారంతో మెడకి కట్టుకుని, రబ్బరు చెప్పులేసుకుని, బోసిపోయిన గోడౌన్‌లో ఒక్కతే కూర్చుని ఉంది.

"సిలిండర్లు ఆ మూల ఉన్నాయండీ," అంది. "కానీ మీరు వాటికోసం రాలేదు."

"ఎందుకలా అనుకున్నారు?"

"పద్దెనిమిదేళ్ళలో సిలిండర్ల ఇన్‌స్పెక్టర్ ఒక్కడూ రాలేదు. మీ మీసం ఎడమవైపు ఊడుతోంది, చూసుకోండి."

నిదానం మీసం పీకి జేబులో పెట్టుకున్నాడు. ఓటు ముద్రల ప్యాడ్లు ఏమైనా మిగిలాయా అని అడిగాడు. ఒకే ఒక్క పెట్టె ఉందంది. నంబరు రెండువందల పన్నెండు. మూత విరిగిందని పంపకుండా ఆపారు. దాని పక్కన చిన్న అట్టముక్క. ప్రతి పెట్టెలోంచీ ఒక ప్యాడు తీసి, అట్ట మీద ఒక ముద్ర వేసి చూడటం ఆవిడ పద్ధతి.

"ఇది నిన్న సాయంత్రం వేశాను," అంటూ అట్ట చూపించింది.

అట్ట తెల్లగా ఉంది. ముద్ర జాడ కూడా లేదు.

ఉత్తరంలో రాసింది నిజమే. నిదానం లైటర్ తీసి నొక్కితే తలుపు వేసినంత చప్పుడైంది.

"ఫోటో కావాలంటే అడగొచ్చుగదండీ," అంది ఆవిడ. తర్వాత ఏదో చెప్పబోయి ఆగింది.

"ఇది చాలమ్మా," అన్నాడు నిదానం. ఆయన అప్పటికే వాకిట్లో ఉన్నాడు.

మూడింటికి పెద్ద హోటల్ లాంజ్‌లో గోరింకని కలిశాడు. గోరింక అంటే డబుల్ ఏజెంట్. సండే క్లబ్‌లో వాళ్ళ మనిషి, డిపార్ట్‌మెంట్‌లో మన మనిషి. ఎవరి దగ్గరుంటే వాళ్ళ పలుకులే పలుకుతుంది. నలభై ఆరేళ్ళొచ్చినా ఆమె లాంజ్‌లోకి అడుగుపెడితే వెయిటర్లు ఇప్పటికీ ట్రేలు వంకరగా పట్టుకుంటారు. ఆకుపచ్చ పట్టు గౌను, నల్ల కళ్ళద్దాలు, ఎత్తు మడమల చెప్పులు.

"ఈ సీటు ఖాళీయేనా?" అన్నాడు నిదానం.

"వానొస్తే ఖాళీ అవుతుంది," అని కోడ్ అప్పజెప్పి, నిట్టూర్చింది. "పదేళ్ళయింది. మీవాళ్ళు దీన్ని మార్చరా?"

"కొత్తది రాసేవాడు రిటైరయ్యాడు. విషయం చెప్పు. ప్యాడ్లు ఎన్ని మార్చారు?"

"అన్నీ. నలభై వేలూ. నా కళ్ళతో చూశాను." టేబుల్ కింద చెప్పులు విప్పి పాదాలు నొక్కుకుంది. "నిదానం, పాత స్నేహంకొద్దీ చెబుతున్నా. ఓటు ఒక్క వారం ఆపించు. కొత్త ప్యాడ్లు పంపించండి. జనం గెలుస్తారు. నువ్వూ నేనూ కాస్త విశ్రాంతి తీసుకోవచ్చు."

విశ్రాంతి అన్న మాట ఆయనకి చాలా తియ్యగా వినిపించింది. ఐదింటికి చీఫ్ గదిలో రెండో గడిలో సంతకం పెట్టాడు. ఉదయం ఏడు గంటల వార్తల్లో మొదటి అంశంగా ఆర్డరు చదువుతారు. ఏడూ ఐదుకి సైన్యం "రక్షణ కోసం" వీధుల్లోకి వస్తుంది.

* * *

ఇంట్లో ఆయనా, అక్కా. అంతే. అక్క ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరయింది. ఆయన వెళ్ళేసరికి మంచి బట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది. ఓటరు కార్డు అద్దానికి ఆనించి పెట్టింది.

"ఐదింటికే వెళ్ళి లైన్లో నిలబడతాను," అంది. "మీ బావ ఉంటే నాలుగింటికే లేపేవాడు."

బావ అచ్చాఫీసులో కంపోజిటరు. ఇరవై రెండేళ్ళ కిందట 'మాకూ ఓటు కావాలి' అని ఒక కరపత్రం అచ్చేశాడు. డిపార్ట్‌మెంట్ జీపు వచ్చి తీసుకెళ్ళింది. ఆ తర్వాత ఉత్తరం లేదు, కబురు లేదు, శవం లేదు. ఉన్నాడనీ, పోయాడనీ ఎవరూ ఒక్క ముక్క రాసివ్వలేదు. ఆయన ఏ రోజు, ఏ గదిలో పోయాడో నిదానానికి తెలుసు. రహస్యం బయటపెట్టనని ప్రమాణం చేసిన ఉద్యోగం. ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర ఎదురుబొదురుగా కూర్చుని ఇరవై రెండేళ్ళు తిన్నారు. ఆమె అడగలేదు. ఆయన చెప్పలేదు. ఆ సిగ్గు ఆయన్ని లోపల తినని రోజు లేదు. ఈ ఓటు సవ్యంగా జరిగితే అక్క ముఖంలోకి ఒక్కసారైనా సూటిగా చూడొచ్చని ఆయన ఆశ. ఇప్పుడు దాన్ని ఆపే కాగితం మీద తనే సంతకం పెట్టి వచ్చాడు.

తెల్లవారి ఐదుంపావుకి అక్కతోపాటు స్కూలు దగ్గరికి వెళ్ళాడు. అప్పటికే లైను వీధి మలుపు దాటింది. దుప్పట్లు కప్పుకుని వచ్చినవాళ్ళు, స్టూళ్ళు తెచ్చుకున్నవాళ్ళు, వార్తల కోసం చేతిలో ట్రాన్సిస్టర్ పట్టుకున్నవాళ్ళు. వెనకున్న ఒక ముసలాయన షూస్‌కి పాలిష్ కూడా వేసుకొచ్చాడు.

"అక్కా, ఇవాళ ఓటు జరక్కపోతే?" అన్నాడు నెమ్మదిగా, ఆరు కావస్తుండగా.

"అపశకునపు మాటలాడకు. ఏమైంది?"

"ఏం లేదు, ఆఫీసు సంగతి. ఒక సరుకు పంపాం. అందులో ఒక పెట్టె చెడిపోయిందని తేలింది. అందుకని మొత్తం పని ఆపేస్తున్నాం."

అక్క వింతగా చూసింది. "ఎలకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకుంటారట్రా ఎవరైనా? వార్డులో ఒక మందు సీసా చెడితే మిగతా సీసాలన్నీ తీసి చూసేవాళ్ళం. చూశాకే పారెయ్యడం. మిగతా పెట్టెలు చూశావా నువ్వు?"



చూడలేదు. అడగను కూడా లేదు. వెతుక్కుంటూ వెళ్ళింది దొరికింది, దాన్ని పట్టుకుని వచ్చేశాడు. ఇరవై ఎనిమిదేళ్ళూ డిపార్ట్‌మెంట్ చేసిన పని అదే. ముందు నేరం రాసుకోవడం, తర్వాత దానికి సరిపడే రుజువు ఒకటి చూసుకోవడం.

"అక్కా, నువ్వు లైన్లోనే ఉండు. ఏం జరిగినా లైన్లోంచి కదలకు," అని పరుగెత్తాడు. నడుం చుక్కలు చూపించింది.

* * *

డిపో నాలుగు వీధుల అవతల. స్టోర్‌కీపర్ తాళం వేసి ఓటుకి బయలుదేరుతోంది. టైము ఆరూ ఐదు.

"అమ్మా, మొత్తం ఎన్ని పెట్టెలు పంపారు?"

"మూడువందల తొంభై తొమ్మిదండీ. విరిగిన పెట్టెతో కలిపి నాలుగువందలు."

"వాటన్నిటికీ ముద్ర వేసి చూశారా?"

"వెయ్యకుండా పంపుతానా?"

తాళం తీసింది. లోపల బల్ల సొరుగులో అట్టముక్కలు నంబర్ల వారీగా దారంతో గుచ్చి ఉన్నాయి. నిదానం ఒక్కొక్కటే తిప్పాడు. వారం కిందట వేసిన ముద్రలు. నల్లగా, నిండుగా, నిన్న వేసినట్టున్నాయి. ఒకటి, పది, వంద, మూడువందలు. అన్నీ ఉన్నాయి.

"ముద్ర వెయ్యగానే నా ఎదుటే సీలు వేసి లారీ ఎక్కించారు," అంది ఆవిడ. "దారిలో ఒకటి మార్చగలరేమో, ఊరూరికీ వెళ్ళే అన్ని పెట్టెలూ ఎవరు మారుస్తారు?"

"మరి ఆ రెండువందల పన్నెండు?"

"మంచిదే వెళ్ళిపోయింది. మొన్న కెమిస్ట్ గారు ఈ విరిగిందాన్ని తెచ్చి, 'దీన్ని ఆ నంబరు కింద ఉంచు' అన్నారు. ముఖం పాలిపోయి ఉంది పాపం."

నిదానం బల్లకి ఆనుకుని నిలబడ్డాడు. ఇప్పుడంతా తేటతెల్లమైంది. సిరా మార్చింది ఒక్క పెట్టెలోనే, ఏజెంటు వచ్చి చూడటం కోసం. ఆ ఉత్తరం దొరకడం కోసమే కెమిస్ట్‌ని చంపారు. ఓటు ఆపడానికి సండే క్లబ్ కష్టపడనవసరం లేదు. ఈ డిపార్ట్‌మెంట్‌ని కాస్త బెదరగొడితే చాలు, సొరుగులోంచి కాగితం దానంతటదే వస్తుంది. ఆ సొరుగు సంగతి వాళ్ళకి చెప్పింది, నలభై వేలూ కళ్ళారా చూశానని అబద్ధమాడిన గోరింకే.

"నిన్ననే ఈ అట్టలు చూపించలేదేమమ్మా?"

"మీరు అడగలేదు. అడగందే అమ్మయినా పెట్టదు. మీ డిపార్ట్‌మెంట్‌వాళ్ళకి అడక్కుండా చెప్పినవాళ్ళు ఏమయ్యారో మేం చూడలేదా?"

నిదానం డిపో ఫోన్ అందుకున్నాడు.

"సర్, ఒక్క పెట్టే చెడింది. మిగతావన్నీ బంగారంలా ఉన్నాయి. ఆర్డరు ఆపండి."

"ఎలా ఆపను?" చీఫ్ గొంతు నీరసంగా ఉంది. "స్టేషన్‌కి వెళ్ళిపోయింది. గోరింకే తీసుకెళ్ళింది. ఓటు ఆపడానికి ఫారం ఉందిగానీ, ఆపడాన్ని ఆపడానికి ఫారం లేదయ్యా. పైవాళ్ళని అడుగుతాను, పది గంటలకి వస్తారు."

డిపో వ్యాను డ్రైవరు ఓటు లైన్లో ఉన్నాడు. స్టోర్‌కీపర్ తన సైకిలు ఇచ్చింది. అలా సీక్రెట్ సర్వీసు సీనియర్ ఏజెంటు, ముందు బుట్ట ఉన్న ఆడవాళ్ళ సైకిలు తొక్కుతూ, దేశాన్ని రక్షించడానికి బయలుదేరాడు. రేడియో స్టేషన్ ఎత్తు మీద ఉంది. సగం దూరం తోసుకుంటూ వెళ్ళాల్సొచ్చింది.

ఆరూ యాభై ఏడు. గేటు దగ్గర కార్డు చూడగానే గార్డు పక్కకి తప్పుకున్నాడు. ఆ కార్డుకి ఇంకా ఆ భయం మిగిలే ఉంది.

స్టూడియో ముందు కారిడార్లో బెంచీ మీద గోరింక కూర్చుని ఉంది. చెప్పులు విప్పి పక్కన పెట్టుకుంది. ఒళ్ళో పర్సు.

"ఎందుకింత ఆయాసం?" అంది నవ్వుతూ. "ఇంటికెళ్ళి పడుకో నిదానం."

"మూడువందల తొంభై తొమ్మిది అట్టలు చూశాను."

ఆమె నవ్వు ఆగిపోయింది. పర్సులోంచి చిన్న పిస్టల్ వచ్చింది. "అయితే అక్కడే ఆగు. నీమీద నాకేం కోపం లేదు. రెండే నిమిషాలు ఆగితే చాలు."

"నీకు ఎవరు గెలవాలనుంది? నిజం చెప్పు."

"నిజమా?" ఆమె కళ్ళల్లోనూ అదే అలసట. "ఎవరు గెలిస్తే వాళ్ళు. నాకు ముసలితనం వస్తోంది. ఏదో ఒకవైపు ఇల్లు కావాలి కదా."

నిదానం తలుపు దగ్గరికి నడిచాడు. పిస్టల్ ఆయన వీపు వెంబడే వచ్చింది. తలుపు మీద ఎర్రబల్బు వెలిగింది.

"మైక్ ఆన్ అయింది," అన్నాడు తలుపు కాస్త తెరిచి, చాలా చిన్న గొంతుతో. "కాల్చు. దేశమంతా వింటుంది. ఓటు ఎందుకు ఆపారో అప్పుడు ఎవరికీ వేరే చెప్పనక్కర్లేదు."

ఒక క్షణం. రెండు క్షణాలు. పిస్టల్ పేలలేదు.

లోపల అనౌన్సరమ్మ ముందు కాగితాల దొంతర. పైన వాయిదా ఆర్డరు. గోడమీది గడియారంలో సెకన్ల ముల్లు పైకెక్కుతోంది. టైమ్ సిగ్నల్ మొదలైంది. ఒక బీప్. రెండు. మాట్లాడటానికి వీల్లేదు. మూడు. నిదానం మునివేళ్ళ మీద నడిచి ఆమె భుజం మీదుగా వంగాడు. నడుంలో ఏదో కలుక్కుమంది. నాలుగు. ఆమె బల్ల మీది కలం అందుకున్నాడు. ఐదు. రెండో గడిలో ఉన్న తన సంతకం మీద అడ్డంగా రెండు గీతలు గీశాడు.

ఆరు.

అనౌన్సరమ్మ కళ్ళు అలవాటుగా ముందు సంతకాల గళ్ళ మీదికే వెళ్ళాయి. డిపార్ట్‌మెంట్‌లో ఇంతవరకూ ఎవరూ పెట్టిన సంతకం కొట్టెయ్యలేదు. కొట్టేస్తే ఏం చెయ్యాలో ఏ రూల్లోనూ లేదు. ఆమెకి తెలిసిందల్లా ఒకటే: సంతకం లేని కాగితం చదవకూడదు. దాన్ని పక్కన బోర్లించి, కింది కాగితం అందుకుంది.

"వార్తలు. ముందుగా వాతావరణం. ఈ రోజు ఆకాశం నిర్మలంగా ఉంటుంది. గాలి ఒక మోస్తరుగా వీస్తుంది."

వీధి మలుపుల్లో ట్రాన్సిస్టర్లు అదే మాట చెప్పాయి. దేశమంతటా స్కూళ్ళ తలుపులు తెరుచుకున్నాయి.

బయట గోరింక చెప్పులు తొడుక్కుంటోంది. పిస్టల్ బెంచీ మీద ఉంది, పిడి ఆయన వైపుకి తిప్పి పెట్టింది.

"ఇప్పటినుంచి నేను మీవైపే," అంది. "నల్లకోటువాడు హోటల్లో మూడో అంతస్తులో ఉన్నాడు. మిగతావాళ్ళ పేర్లు కూడా చెప్తాను, కాస్త కాఫీ ఇప్పించు."

తొమ్మిదింటికల్లా సండే క్లబ్ మొత్తం బేడీలతో ఉంది. కాఫీ తాగాక గోరింకకి కూడా వేశారు.

* * *

పదింటికి నిదానం స్కూలు దగ్గరికి తిరిగొచ్చాడు. అక్క బయట బెంచీ మీద కూర్చుని ఉంది. వాచిన కాళ్ళు చాపుకుంది.

"వేశావా?"

"వేశాను. లైన్లోంచి కదలొద్దన్నావుగా, కదల్లేదు." ఆమె ముఖం వెలిగిపోతోంది. తర్వాత నెమ్మదిగా అంది, "నీ పేరు లిస్టులో లేదటరా. వెతికించాను."

"మా పేర్లు రహస్యం కదా. తీసేసి ఉంటారు."

"మీ బావ పేరుంది."

"బావ పేరా?" అన్నాడు నిదానం.

"ఎందుకుండదు? పోయాడని మీవాళ్ళు ఎప్పుడైనా రాసిచ్చారా? క్లర్కు నా పేరు పక్కన టిక్కు పెట్టి, 'మీ ఆయన రాలేదేమమ్మా?' అనడిగాడు. మా తమ్ముణ్ణి అడిగి చెప్తానన్నాను."

ఆమె ఆయన వైపు తిరిగింది.

"ఇరవై రెండేళ్ళు నిన్ను అడగలేదురా. అడిగితే నీ ఉద్యోగం పోతుందని భయం. నువ్వు అబద్ధం చెప్తే నాకు నువ్వు కూడా మిగలవని ఇంకా భయం. ఇవాళ అడుగుతున్నాను. ఐదింటిదాకా టైముందట. మీ బావ వస్తాడా, రాడా?"

లైను ముందుకి జరుగుతోంది. పాలిష్ షూస్ ముసలాయన ఓటేసి బయటికొస్తూ అందరికీ చెయ్యూపుతున్నాడు. నిదానం బెంచీ మీద అక్క పక్కన కూర్చున్నాడు. ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"రాడక్కా," అన్నాడు.

తారీఖు చెప్పాడు. గది నంబరు చెప్పాడు. ఆ రోజు డ్యూటీలో ఎవరెవరున్నారో, బయటి వరండాలో తను ఏ గోడకి ఆనుకుని నిలబడి ఏమీ చెయ్యకుండా ఉండిపోయాడో చెప్పాడు. ఎక్కడ పూడ్చారో చెప్పాడు. అక్క ఏడ్చింది. ఆయనా ఏడ్చాడు. ఆమె చెయ్యి మాత్రం వెనక్కి లాక్కోలేదు.

డిపార్ట్‌మెంట్ రూల్స్ ప్రకారం అది దేశద్రోహం. నాలుగు దేశాల ముఠాలు తుపాకులు పెట్టి, ఇంజెక్షన్లు పొడిచి రాబట్టలేనిది, ఒక రిటైర్డ్ నర్సమ్మ ఒకే ఒక్క ప్రశ్నతో రాబట్టింది.